పిల్లల కంచం మీద ఎవరి పెత్తనం?

2025 జనవరి చివర్లో మహారాష్ట్ర ప్రభుత్వం బడి భోజనం గురించి ఒక ఉత్తర్వు ఇచ్చింది. పిల్లలకు పెట్టే గుడ్డుకు ఇకనుంచి ప్రభుత్వం డబ్బు ఇవ్వదు. పెట్టాలనుకునే బడులు దాతల దగ్గర చందాలు పోగుచేసుకుని పెట్టుకోవచ్చు. 2023 నవంబర్‌లో వారానికి ఒకటి చొప్పున మొదలైన గుడ్డు ఏడాదిన్నర తిరక్కుండానే ప్రభుత్వ బాధ్యతల జాబితాలోంచి జారిపోయింది. ఫూలే, శాహూ, అంబేద్కర్ పేర్లు తలవకుండా ఏ నాయకుడూ ఉపన్యాసం మొదలుపెట్టని రాష్ట్రంలో, సర్కారు బడి పిల్లకు వారానికొక గుడ్డు పెట్టడం రాజ్యానికి భారమైంది. నిన్నటిదాకా హక్కుగా వచ్చింది ఇవాళ ఊరి పెద్దల దయ అయింది.

ఇది ఒక్క మహారాష్ట్ర సంగతి కాదు. మధ్యప్రదేశ్‌లో 2015లో అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టాలన్న ప్రతిపాదనను అప్పటి ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ తోసిపుచ్చారు. 2019లో కాంగ్రెస్ ప్రభుత్వం మళ్లీ ఆ మాట ఎత్తితే, ప్రతిపక్ష నాయకుడు గోపాల్ భార్గవ చిన్నప్పటినుంచి గుడ్లూ మాంసమూ తినిపిస్తే పిల్లలు రేపు నరభక్షకులవుతారేమో అనేదాకా వెళ్లారు. 2020లో ప్రభుత్వం మారింది. గుడ్డు కాదు, పాలు ఇస్తామన్నారు. ఛత్తీస్‌గఢ్‌లో 2019లో బడుల్లో గుడ్డు పెట్టబోతే మత సంఘాలు రోడ్డెక్కాయి. కర్ణాటకలో 2021 డిసెంబర్‌లో పోషకాహార లోపం ఎక్కువగా ఉన్న కల్యాణ కర్ణాటక జిల్లాల్లో గుడ్డు మొదలైతే మఠాధిపతులు ఆపాలని పట్టుబట్టారు. రాజస్థాన్, గుజరాత్, హర్యానా, ఉత్తరప్రదేశ్ బడుల్లోనైతే ఈ గొడవే లేదు. ఎందుకంటే అక్కడ గుడ్డే లేదు.

ప్రతిసారీ ఈ చర్చ రెండు మాటల మధ్య నడుస్తుంది. ఒకరు పోషణ అంటారు, ఇంకొకరు మనోభావాలు అంటారు. పత్రికలు రెండు వాదనలనూ పక్కపక్కన అచ్చువేసి చేతులు దులుపుకుంటాయి. నా వాదన ఒక్కటే: ఇది పోషణకూ మనోభావాలకూ మధ్య తగువు కాదు. దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల పిల్లలు ఏం తినాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉండాలన్నదే తగువు. గుడ్డు దానికి ఒక సాకు.

నిన్న నెయ్యి, నేడు గుడ్డు

ఇది సాకు అని ఎందుకంటున్నానో చెప్పడానికి 1936కు వెళ్లాలి. ఆ ఏడాది వెలువడిన ‘కుల నిర్మూలన’లో బాబాసాహెబ్ జైపూర్ సంస్థానంలోని చక్వారా గ్రామంలో జరిగిన సంఘటనను ప్రస్తావిస్తారు. తీర్థయాత్రకు వెళ్లి తిరిగొచ్చిన ఒక అంటరాని మనిషి తనవాళ్లను పిలిచి విందు పెట్టాడు. వంటల్లో నెయ్యి వేయించాడు. పంక్తిలో కూర్చుని తింటుండగా ఊరి సవర్ణ హిందువులు వందలమంది లాఠీలతో వచ్చి పడ్డారు. అన్నాన్ని పాడుచేశారు. తింటున్నవాళ్లను కొట్టి తరిమారు. అక్కడెవరూ మాంసం తినలేదు. ఆవును కోయలేదు. సవర్ణులు పవిత్రమనే నెయ్యినే తిన్నారు. అదే నేరమైంది. నెయ్యి గొప్పవాళ్ల గుర్తు, దాన్ని అంటరానివాళ్లు తాకడమేమిటన్నది అక్కడి ఆగ్రహం.

చక్వారాను గంగావతి పక్కన పెట్టి చూడండి. అక్కడ నెయ్యి పైకులాల తిండి కాబట్టి తినకూడదన్నారు. ఇక్కడ గుడ్డు కిందికులాల తిండి కాబట్టి బడిలోకి రాకూడదంటున్నారు. ఒకటి మరీ పవిత్రం, ఇంకొకటి మరీ అపవిత్రం. వస్తువు మారింది, కారణం తలకిందులైంది, కానీ కర్ర పట్టుకున్న చెయ్యి మారలేదు. అందుకే శాకాహారపు తాత్వికత గురించీ, అహింస గురించీ వీళ్లతో గంటల తరబడి వాదించడం దండగ అనుకుంటాను. వాళ్ల అసలు సూత్రం అహింస అయితే చక్వారాలో తలలు పగలవు. వాళ్ల సూత్రం హద్దు. ఎవరు ఏం తినాలో చెప్పే హద్దు.

కొప్పల్ జిల్లా గంగావతిలో బడి పిల్లలు ఈ సంగతిని మనకంటే ముందే పట్టుకున్నారు. 2021లో ఒక విద్యార్థిని కెమెరా ముందు నిలబడి, మాకు గుడ్డు ఇవ్వకపోతే మీ మఠానికే వచ్చి తింటామని స్వాములకు సవాలు విసిరింది. ఆ పిల్ల ప్రోటీన్ గురించి మాట్లాడలేదు. మా కంచం గురించి చెప్పడానికి మీరెవరని అడిగింది. సరైన ప్రశ్న అది.

లెక్కకు దొరికే తిండి

అయినా పోషణ సంగతి వదిలేయాల్సిన పనిలేదు. అక్కడా వాళ్ల వాదన నిలవదు.

50 గ్రాముల గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రాథమిక పాఠశాల పిల్లకు మధ్యాహ్న భోజనంలో 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్ ఇవ్వాలంటుంది. అంటే చట్టం చెప్పినదాంట్లో సగం ప్రోటీన్ ఒక్క గుడ్డులోనే వస్తుంది. శరీరం తనంతట తాను తయారు చేసుకోలేని తొమ్మిది అమైనో ఆమ్లాలూ అందులో ఉంటాయి. విటమిన్ ఎ, మెదడు ఎదుగుదలకు కావాల్సిన కోలిన్, బి12 ఉంటాయి. బి12 మొక్కల నుంచి రాదు. పాలలో, పెరుగులో, గుడ్డులో, చేపలో, మాంసంలో ఉంటుంది.

ఇక్కడే ఒక మోసం దాగుంది. శాకాహారంతో ఆరోగ్యంగా బతకలేమా అని అడిగేవాళ్ల ఇళ్లలో పొద్దున పాలు, మధ్యాహ్నం పెరుగు, రాత్రి పనీర్, నడుమ బాదంపప్పు ఉంటాయి. వాళ్ల శాకాహారం పశువు ఇచ్చే ప్రోటీన్ మీదే నిలబడింది. వాళ్లు పేదపిల్లకు సిఫారసు చేసే శాకాహారంలో మాత్రం అన్నం, నీళ్లలాంటి పప్పు, నాలుగు ఆలుగడ్డ ముక్కలు ఉంటాయి. పేరు ఒకటే, తిండి ఒకటి కాదు. ఒకటి ఎంచుకున్న ఆహారం, ఇంకొకటి మిగిలిన ఆహారం.

పాలు ఇస్తే సరిపోదా అంటారు. 2019 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని సోన్‌భద్ర జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఏం జరిగిందో దేశమంతా వీడియోలో చూసింది. బకెట్ నీళ్లలో ఒక్క లీటరు పాలు కలిపి 81 మంది పిల్లలకు పంచారు. రికార్డులో అందరూ పాలు తాగినట్టే. గుడ్డుతో ఈ పని చెయ్యలేరు. గుడ్డులో నీళ్లు కలపలేరు. ఒక గుడ్డును 81 మందికి పంచలేరు.

నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో పదో తరగతి దాకా చదువుకున్నాను. మా హాస్టల్లో సాంబారు ఎంత పలుచగా ఉందో, అందులో పప్పు ఎంత పడిందో ఎవరికీ లెక్క ఉండేది కాదు. కందిపప్పు బస్తా ఎటు పోయిందో అడిగే తెలివి మాకు లేదు, అడిగితే చెప్పే నాథుడూ లేడు. గుడ్డు సంగతి అలా కాదు. ఈరోజు గుడ్డు ఉందా లేదా అన్నది మూడో తరగతి పిల్లాడు కూడా తేల్చేయగలడు. లేకపోతే ‘సార్, గుడ్డేది?’ అని అడిగేవాడు. మాకు ప్రభుత్వాన్ని ప్రశ్నించడం నేర్పిన మొదటి పాఠ్యపుస్తకం గుడ్డే. లెక్కకు దొరికే తిండి, పేదవాడి చేతిలో సాక్ష్యంగా మారే తిండి అది. కాంట్రాక్టర్లకూ గుడ్డు నచ్చకపోవడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

గుడ్డు సర్వరోగ నివారిణి అని నేననడం లేదు. ఈక్వెడార్‌లో 6 నుంచి 9 నెలల పసిపిల్లలకు ఆరు నెలలపాటు రోజుకొక గుడ్డు పెట్టి చూసిన అధ్యయనం 2017లో వచ్చింది. వయసుకు తగ్గ ఎత్తు లేకపోవడం ఆ పిల్లల్లో 47 శాతం తగ్గిందని అది తేల్చింది. అదే పద్ధతిలో మలావిలో చేసిన ప్రయోగంలో అలాంటి ఫలితం రాలేదు. ఆ పిల్లలు అప్పటికే చేపలు తింటున్నారన్నది పరిశోధకులు చూపిన కారణాల్లో ఒకటి. దీన్నుంచి గుడ్డు పనికిరాదని తీర్మానించేవాళ్లు ఉంటారు. నాకు అర్థమైంది వేరు. పశు సంబంధమైన ఆహారం ఏదో ఒకటి అప్పటికే కంచంలో ఉన్న పిల్లకు ఇంకో గుడ్డు పెద్దగా తేడా తేకపోవచ్చు. ఏదీ లేని పిల్లకు తేడా తెస్తుంది. మన పిల్లలు ఎటువైపు ఉన్నారు?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. 6 నుంచి 59 నెలల పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు 67.1 శాతం. అంతకుముందు సర్వేలో అది 58.6 శాతమే. 6 నుంచి 23 నెలల పిల్లల్లో సరిపడా ఆహారం అందుతున్నది 11.3 శాతానికి మాత్రమే. ఎత్తు లోపం ఆదివాసీ పిల్లల్లో సుమారు 41 శాతం, దళిత పిల్లల్లో 39 శాతం. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలు కానివాళ్లలో 30 శాతం. ఈ తొమ్మిది, పదకొండు శాతాల తేడాకు కులం అని పేరు. దాన్ని ‘సామాజిక ఆర్థిక నేపథ్యం’ అని రాసి దాటేసే పరిశోధనా పత్రాలు నా బల్ల మీద గుట్టగా ఉన్నాయి.

ఎవరి దేశం శాకాహార దేశం?

ఇది శాకాహారుల దేశం అన్న అబద్ధం మీద ఈ రాజకీయమంతా నడుస్తోంది. కేంద్ర ప్రభుత్వపు నమూనా నమోదు వ్యవస్థ 2014లో చేసిన సర్వే ప్రకారం 15 ఏళ్లు పైబడినవాళ్లలో సుమారు 71 శాతం మాంసాహారులు. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో 98 శాతానికి పైనే. మెజారిటీ మనోభావాలే ప్రమాణమైతే దేశంలో ప్రతి బడిలో గుడ్డు ఉండాలి. కానీ మనోభావాల త్రాసులో తలలు లెక్కపెట్టరు, కులాన్ని తూస్తారు. అందుకే వందమందిలో ఇద్దరు ముగ్గురు తినకపోతే మిగతా అందరి కంచాలూ ఖాళీ అవుతాయి. వందమందీ తినేవాళ్లయినా వాళ్ల ఊరికి దూరంగా ఉన్న ఒక మఠం ఒప్పుకోకపోతే చాలు.

శాకాహార కుటుంబాల పిల్లల సంగతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న, దానికి జవాబు ఎప్పుడో దొరికింది. కర్ణాటకలో తినని పిల్లలకు అరటిపండు ఇస్తున్నారు. ఎవరి నోట్లోనూ ఎవరూ గుడ్డు కుక్కడం లేదు. తినని పిల్లకు తినకుండా ఉండే హక్కు ఉంది. తినే పిల్లను తిననివ్వని హక్కు ఏ పిల్లకూ, ఏ పిల్ల తండ్రికీ, ఏ స్వామికీ లేదు.

అప్పుడు ఇంకో వాదన తీస్తారు. తినేవాళ్లూ తిననివాళ్లూ అని పిల్లల మధ్య భేదం వస్తుందట, సమానత్వం దెబ్బతింటుందట. ఈ దేశపు బడుల్లో సమానత్వం గుడ్డు వచ్చేదాకా వర్ధిల్లినట్టు మాట్లాడతారు! సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ ఐదు రాష్ట్రాల్లోని 531 గ్రామాల సమాచారంతో 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. దళిత పిల్లలను విడిగా కూర్చోబెట్టడం, దళిత మహిళ వండితే తినమని మొండికేయడం వాళ్ల కంటికి కనిపించిన నిజాలు. 2021 డిసెంబర్‌లో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లా సుఖీఢాంగ్‌లో ఏం జరిగింది? దళిత మహిళ వండిందని ఆధిపత్య కులాల పిల్లలు భోజనం మానేస్తే, అధికారులు ఆమెనే ఉద్యోగంలోంచి తీసేశారు. తర్వాత దళిత పిల్లలు కొత్త వంటమనిషి వండింది తినమని ఎదురు తిరిగాక గానీ ఆమె ఉద్యోగం తిరిగి రాలేదు. అప్పుడు గుర్తుకురాని సమానత్వం గుడ్డు దగ్గర గుర్తుకొస్తే దాన్ని ఏమనాలి?

వ్యాన్‌లో వచ్చే వంట

సుప్రీంకోర్టు 2001 నవంబర్ 28న ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటిలో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. 2004 ఏప్రిల్ 20న మరో ఆదేశంలో వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఆదివాసీలకు ప్రాధాన్యం ఇవ్వాలంది. ఈ రెండో ఆదేశం చిన్నది కాదు. మహాద్ చెరువులో నీళ్లు ముట్టుకున్నందుకు 1927లో కొట్టిన సమాజంలో, బడి పొయ్యి దగ్గర దళిత మహిళ నిలబడాలని, ఆమె చేతి అన్నం ఊరి పిల్లలందరూ తినాలని ఆ ఆదేశం చెప్పింది.

దాన్ని అమలు చెయ్యడం కష్టమైనచోట ప్రభుత్వాలు ఒక ‘ఆధునిక’ ఉపాయం కనిపెట్టాయి. నగరం అంచున ఒక పెద్ద యంత్రాల వంటశాల, అక్కడినుంచి స్టీలు డబ్బాల్లో వ్యాన్‌లో వచ్చే అన్నం. ఈ రంగంలో అందరికంటే పెద్దది ఇస్కాన్ బెంగళూరు 2000లో మొదలుపెట్టిన అక్షయపాత్ర. అది గుడ్డు పెట్టదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడదు. వాళ్ల గుడిలో వాళ్లు ఏం వండుకుంటారన్నది వాళ్లిష్టం. కానీ ప్రజల పన్నులతో, ప్రభుత్వ బియ్యంతో, చట్టబద్ధమైన హక్కుగా వచ్చే భోజనంలో ఒక మత సంస్థ ఆచారం ఎందుకు నియమం కావాలి? 2019లో కర్ణాటకలో ఈ ప్రశ్న లేచినప్పుడు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆ భోజనం నిబంధనలకు లోబడే ఉందని చెప్పింది. ప్రజారోగ్య పరిశోధకులు, ఆహార హక్కు కార్యకర్తలు దాన్ని ప్రశ్నించారు. కాగితం మీద కేలరీలు సరిపోవడం వేరు, పిల్లలు రుచిలేని ఆ తిండిని కడుపునిండా తినడం వేరు.

వ్యాన్ వచ్చాక గుడ్డు ఒక్కటే కాదు, దళిత మహిళ కూడా పొయ్యి దగ్గరినుంచి పోయింది. కులం గొడవను ఇలా ‘పరిష్కరించారు’. అంటరానితనాన్ని తొలగించలేదు, అంటరాని మనిషిని తొలగించారు.

ఇక వంట చేస్తున్న మహిళలకు కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం 2009 నుంచి నెలకు 1000 రూపాయలే. అదీ ఏడాదికి పది నెలలే. 2025 మే నుంచి ప్రాథమిక పాఠశాల పిల్ల ఒక్కపూట వంట ఖర్చు 6 రూపాయల 78 పైసలు. ఇందులోనే పప్పు, కూరగాయలు, నూనె, పోపు, గ్యాస్ రావాలి. బజారులో ఒక్క గుడ్డు ధరే ఈ మొత్తానికి అటూ ఇటూ ఉంటుంది. గుడ్డును ‘రాష్ట్రాల ఇష్టం’ అని వదిలేయడమంటే ఇదీ అర్థం. కేంద్రం డబ్బులివ్వదు, మఠం ఒప్పుకోదు, మధ్యలో రాష్ట్రం మౌనంగా ఉంటే సరిపోతుంది.

47వ అధికరణలో సగమే చదివినవాళ్లు

రాజ్యాంగంలో 47వ అధికరణ ప్రజల పోషకాహార స్థాయినీ, జీవన ప్రమాణాన్నీ పెంచడం, ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యపు ప్రాథమిక విధుల్లో ఒకటని చెబుతుంది. ఆ తర్వాతే ఆరోగ్యానికి హాని చేసే మత్తు పానీయాలను, మాదకద్రవ్యాలను నిషేధించే ప్రయత్నం చెయ్యాలంటుంది. పోషణ, మద్యం రెండూ ఒకే అధికరణలో, ఆ వరసలో ఉన్నాయి.

గుజరాత్ 1960లో ఏర్పడిన నాటినుంచీ మద్యనిషేధ రాష్ట్రం. నైతికతకు నమూనాగా చూపిస్తారు. ఆ రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో ఎత్తు లోపం 39 శాతం, రక్తహీనత సుమారు 80 శాతం. బడిలో గుడ్డు లేదు. అంటే 47వ అధికరణలో రెండో సగం పోలీసు స్టేషన్‌కు చేరింది, మొదటి సగం వంటగదికి చేరలేదు. తాగకూడదని చెప్పడానికి రాజ్యానికి గొంతు ఉంది, తినమని పెట్టడానికి చెయ్యి లేదు.

మద్యనిషేధాన్ని సమర్థించే మీరు ఆహారం మీద ఆంక్షలను ఎందుకు వ్యతిరేకిస్తారని ఒక సెమినార్‌లో నన్నడిగారు. జవాబు నెల్లూరు జిల్లాలో ఉంది. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని నడిపింది కూలికి పోయే ఆడవాళ్లు. అక్షరాలు నేర్చుకుంటూ, తమ కూలి డబ్బులు సారా దుకాణానికి ఎలా పోతున్నాయో, పిల్లల కంచాలు ఎందుకు ఖాళీగా ఉంటున్నాయో మాట్లాడుకుంటూ రోడ్డు మీదికొచ్చారు. 1993లో సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ప్రభుత్వం ఆదాయం కోసం దాన్ని ఎత్తేసింది. ఆ నిషేధాన్ని కోరింది దెబ్బతిన్నవాళ్లు. వాళ్లు కోరింది పిల్లల కడుపు నిండడం కోసం. గుడ్డు మీద నిషేధం కోరుతున్నది దెబ్బతగలనివాళ్లు. వాళ్లు కోరుతున్నది పిల్లల కడుపు మాడ్చి తమ పవిత్రతను కాపాడుకోవడం. హాని జరిగినవాడి నోటినుంచి వచ్చిన నిషేధానికీ, అధికారం ఉన్నవాడి నోటినుంచి వచ్చిన నిషేధానికీ తేడా తెలియనివాళ్లు ప్రజారోగ్యం గురించి మాట్లాడకూడదు.

మన మెస్సులు, మన పరిశోధనలు

విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనం ఇదంతా ఎక్కడో పల్లెటూరి బడి సమస్య అనుకుంటే పొరపాటు. 2018లో ఐఐటీ మద్రాస్‌లో ఒక మెస్ దగ్గర శాకాహారులకూ మాంసాహారులకూ వేరువేరు ద్వారాలు, చేతులు కడుక్కునే చోట్లు అని పోస్టర్లు వెలిశాయి. 2023లో ఐఐటీ బాంబేలో హాస్టల్ మెస్‌లో శాకాహారులకు ప్రత్యేకంగా టేబుళ్లు కేటాయించి, నిరసన తెలిపిన విద్యార్థికి 10,000 రూపాయల జరిమానా వేశారు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో దళిత బహుజన విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ చేసుకుంటే దాడి జరిగింది. అంగన్‌వాడీలో గుడ్డు ఆపిన చెయ్యే పీహెచ్‌డీ స్కాలర్ టేబుల్ ఎక్కడుండాలో చెబుతోంది.

ఆ చేతికి ఇప్పుడు శాస్త్రం తొడుగు వేస్తున్నారు. జాతీయ విద్యావిధానం కోసం కర్ణాటక తరఫున 2022లో తయారైన ఆరోగ్యంపై పత్రం ఒకటి బయటికొచ్చింది. భారతీయుల శరీరం చిన్నది కాబట్టి గుడ్డు, మాంసం తరచుగా తింటే వచ్చే కొలెస్ట్రాల్ వల్ల జీవనశైలి జబ్బులు వస్తాయని అందులో రాశారు. యాద్గిర్‌లో, రాయచూర్‌లో తూకం తక్కువైన పిల్లకు గుడ్డు వల్ల ఊబకాయం వస్తుందని భయపడేవాడు ఆ పిల్లను ఎప్పుడూ చూడలేదు, అద్దంలో తన పొట్టను మాత్రం చూసుకున్నాడు. శరీరం చిన్నదిగా ఎందుకుందన్న ప్రశ్న ఆ పత్రానికి తట్టలేదు. తరాలుగా తిండి లేకపోతే ఒళ్లు చిన్నదవుతుంది. చిన్నదైన ఒంటిని చూపించి తిండి వద్దంటున్నారు.

పోషకాహారం మీద పనిచేసే సహ పరిశోధకులకు, మనకు పాఠాలు చెప్పే ప్రొఫెసర్లకు ఒక మాట. ఇలాంటి పత్రాలు వచ్చినప్పుడు ‘అది రాజకీయం, మాది సైన్స్’ అని తప్పుకోవడం తటస్థత కాదు. కులం పేరు రాయకుండా ఎత్తు లోపం గురించి రాసే ప్రతి వ్యాసం ఆ పత్రానికి నిశ్శబ్దంగా సాక్షి సంతకం పెడుతోంది.

తెలుగువాళ్లం మనం గుడ్డు దగ్గర గర్వపడాల్సినవి కొన్ని ఉన్నాయి. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, తెలంగాణ కూడా ముందు వరసలోనే ఉంది. రెండు రాష్ట్రాల బడుల్లోనూ గుడ్డు ఉంది. కానీ తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో ఎత్తు లోపం రెండు సర్వేల మధ్య 28 నుంచి 33 శాతానికి పెరిగింది. ఎత్తు లోపం మొదటి రెండేళ్లలోనే ఖాయమవుతుంది కాబట్టి బడిలో పెట్టే గుడ్డు ఒక్కటే దాన్ని సరిచెయ్యలేదు. తల్లి గర్భంతో ఉన్నప్పుడే, అంగన్‌వాడీ వయసులోనే తిండి, మంచినీళ్లు, మరుగుదొడ్డి, వైద్యం అందాలి. ధర పెరిగినప్పుడల్లా గుడ్డు మానేసే, బిల్లులు నెలల తరబడి ఆపి వంట చేసే మహిళలను అప్పులపాలు చేసే ప్రభుత్వాలకు స్వాముల అవసరం లేదు. మఠం నోటితో చేసే పనిని ఖజానా ఆలస్యంతో చేస్తుంది.

కాబట్టి మనం అడగాల్సింది దయ కాదు, చట్టం. ఆహార భద్రతా చట్టం రెండో షెడ్యూలులో కేలరీలు, గ్రాములు మాత్రమే కాదు, గుడ్డు అన్న మాట రాయాలి. బడిలోనూ అంగన్‌వాడీలోనూ రోజుకొకటి, తినని పిల్లకు సమానమైన ప్రత్యామ్నాయం. దాని ఖర్చు వంట ఖర్చుకు విడిగా కేంద్రమే భరించాలి. చట్టం చెప్పిన ఆహారాన్ని మత కారణంతో వండనన్న ఏ సంస్థకూ ప్రభుత్వ వంట కాంట్రాక్టు ఇవ్వకూడదు. 2004 నాటి ఆదేశం ప్రకారం వంటగదులు ఊళ్లలోనే ఉండాలి, దళిత, ఆదివాసీ మహిళలు అక్కడ కనీస వేతనంతో ఉండాలి. వాళ్ల వంటను బహిష్కరిస్తే చర్య బహిష్కరించినవాళ్ల మీద ఉండాలి.

స్వాములు ఏం తింటారో, ఎప్పుడు ఉపవాసం ఉంటారో మనమెవరమూ అడగడం లేదు. అది వాళ్ల స్వేచ్ఛ, దాన్ని కాపాడే రాజ్యాంగం మనదే. ఆ రాజ్యాంగమే ఇంకో సంగతి కూడా చెబుతోంది: ఎవరి పుణ్యం కోసమూ మన పిల్లలు ఉపవాసం ఉండనక్కర్లేదు.